కుడివైపు పేజీ

నా చిన్నప్పుడు, నా చూపుకు మనిషిని చంపేంత బలం ఉందని కొన్నాళ్ళు నమ్మాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. రాయచూరులో స్టేషనుకు దగ్గరగా ఉండేవాళ్ళం.

పక్కింటి పిల్లదీ నాదీ ఒకే తరగతి. రైల్వేలో పనిచేసే వాళ్ళ నాయన బొంబాయి నుంచి ఆమెకు డజను నోటుపుస్తకాలు తెచ్చాడు. నున్నటి అట్టలు, పాలలాంటి కాగితం. వాళ్ళమ్మ నాలుగు మూలలా పసుపు రాసి, మంచిరోజు వచ్చేదాకా ముట్టొద్దని అద్దాల అలమారలో పెట్టింది. నాకేమో మా మేనత్త నిరుటి పుస్తకాల్లో మిగిలిన ఖాళీ కాగితాలను సూదీదారంతో కుట్టి ఇచ్చింది. ఒక పేజీకి గీతలు, ఇంకో పేజీకి గళ్ళు. నేను దాన్ని ముట్టుకోలేదు. రోజూ పక్కింటికి పోయి ఆ డజనును చూసేదాన్ని. కడుపు మండిపోయేది. వాటికి చెదలు పట్టాలని కోరుకునేదాన్ని. ఆ పిల్ల నవ్వినా నాకు ఒళ్ళు మండేది.

ఇంతలో ఆ పిల్లకు చలిజ్వరం వచ్చింది. వాళ్ళ అవ్వ ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదట. "ఎవరిదో పాడుకన్ను తగిలింది" అని మా గుమ్మం వైపు తిరిగి గట్టిగా అంది. ఆ కన్ను ఎవరిదో నాకు తెలుసు. మూడు రోజులు తల ఎత్తలేదు. మా అమ్మ ముఖం చూడాలన్నా, ఆమెకేమవుతుందోనని భయమేసింది.

మేనత్త సర్కారు దవాఖానాలో నర్సు. నాలుగో రోజు ఆమె ఒళ్ళో ముఖం దాచుకుని అంతా చెప్పేశాను. ఓదారుస్తుందనుకుంటే, నేను ముట్టని ఆ కుట్టుపుస్తకం తెచ్చి ముందర పెట్టింది.

"ఎడమ దిక్కు ఎవరిమీద కండ్లు మండినయో రాయి. కుడి దిక్కు వాళ్ళకేమైందో రాయి. దవాఖానాల మేం జొరం గిట్లనే రాసి చూస్తం."

"నిజంగ ఏమన్న అయితే, అత్తా?"

"అయితే మంచిదే. మొదలు మా పెద్ద నర్సమ్మను చూడు. ఆమె పోరు పడలేక సస్తున్న."

అదే రోజు మేనత్త పక్కింటివాళ్ళతో పోట్లాడి ఆ పిల్లను దవాఖానాకు తీసుకుపోయింది. రక్తం చూస్తే మలేరియా. నేనూ వెంట వెళ్ళాను. పెద్ద నర్సమ్మ చేతులకు కొత్త బంగారు గాజులు! మనసారా కుళ్ళుకుని, ఎడమవైపు రాశాను. ఎనిమిది రోజులు చూశాను. ఆవిడ గాజులు గలగలలాడిస్తూ ఎనిమిదో రోజూ మా అత్తను తిట్టింది. తర్వాత లెక్కల్లో నన్ను మించిన పిల్ల, సైకిలు కొనుక్కున్న మా చిన్నాయన. ఎడమ పేజీలు నిండాయి. కుడి పేజీలు తెల్లగానే ఉన్నాయి.

మాత్రలతో ఆ పిల్ల లేచి కూర్చుంది. మిరపకాయలవల్లే తగ్గిందని వాళ్ళ అవ్వ వాడంతా చెప్పింది. నా కోపం ఆ ముసలామె మీద కాదు. దోమ చేసిన పనికి ఎనిమిదేళ్ళ పిల్లను హంతకురాలిని చేసే నమ్మకం మీద. ఆ కోపం ఈనాటికీ చల్లారలేదు.

అసూయా చల్లారలేదు. ఆ పక్కింటి పిల్లే మొన్న యరమరస్ దగ్గర ఇల్లు కట్టుకుంది. ఆ మేడమెట్ల నల్లరాయి నునుపు చూసి కడుపు భగ్గుమంది. ఇంటికొచ్చి, నా మనవరాలు సగం వాడి పారేసిన నోటుపుస్తకంలో ఎడమవైపు రాసుకున్నాను. కుడివైపు ఎప్పటిలాగే రాయడానికి ఏమీ లేదు. ఆ ఇంటామె ఆదివారం భోజనానికి పిలిచింది. తల ఎత్తుకుని వెళ్ళి, ఆ మెట్లను మళ్ళీ కళ్ళారా చూసి వస్తాను.