ఎమిల్ గారి తొమ్మిదుల జత

ముసలి ఎమిల్ హ్రుస్కాకి ఒకటే జబ్బు. తెరిచిన ముక్క మధ్యరకంది, అందులోనూ తొమ్మిది, పడితే చాలు, జత కుదిరిందంటూ మొదటి వంతులోనే పందెం రెట్టించి పక్కవాళ్లని తరిమేసేవాడు. “మధ్యరకం జత గుంపులో బతకదు, ఒక్కడితో అయితే నెగ్గుకొస్తుంది” అని పాఠం కూడా చెప్పేవాడు. ఆ పాఠం ఎవడూ అడగలేదు.

ఉక్కు మిల్లులో జీతాలిచ్చే రోజు, పగటి షిఫ్టు దిగగానే ఫైరింజన్లుండే ఫైర్‌హాలు మేడమీద ఏడు ముక్కల పోకర్ మొదలు. రెండు మూసిన ముక్కలు, ఒకటి తెరిచినది పంచగానే మొదటి పందెం. ఎమిల్ ఎప్పుడూ సరిగ్గా, అదే మిల్లులో పనిచేసే లూ పెట్రాక్‌కి ముందు వంతు వచ్చే కుర్చీలోనే కూర్చునేవాడు. తలుపు సందులోంచి చలిగాలి కొడుతున్నా, మఫ్లరు చుట్టుకుని మరీ అక్కడే.

లూకి ఒళ్లు మండేది. ముసలాడు రెట్టిస్తాడు, లూ ముక్కలు పారేస్తాడు, మిగతావాళ్లు నవ్వుతారు. తెగించి ఆడదామంటే, ఈసారి జీతం పోగొట్టుకొస్తే తలుపు తియ్యనని భార్య బెర్నిస్ తెగేసి చెప్పింది. నాలుగో ముక్క మొహం చూడని బతుకూ ఒక బతుకేనా!

ఒక జీతాల శుక్రవారం లూ విసిగిపోయి బల్లకి అవతల కూర్చున్నాడు. ఎమిల్ బీరు గ్లాసూ పిరోగీ కుడుముల పళ్లెమూ ఎత్తుకొచ్చి, లూకి ముందు వంతు ఉన్నవాణ్ణి లేపి కూర్చున్నాడు.

ఆ ఆట పంచింది లూనే. ఎమిల్‌కి తొమ్మిది తెరుచుకుంది. రెట్టించాడు. లూ చేతిలో కడుపుమంట తప్ప ఏమీ లేదు, అయినా కట్టాడు. మిగతావాళ్లు తప్పుకున్నారు. ఇంకో ముక్క పడింది. లూ జీతం కవరు చింపబోయాడు. వెంటనే ఎమిల్ ముక్కలు పారేశాడు.

పారేసిన ముక్కలు చూడకపోవడం అక్కడి మర్యాద. లూ తిరగేసి చూశాడు. రెండు, ఏడు, తొమ్మిది, రాజు.

“జతేది, ముసలోడా?”

“అప్పుడప్పుడూ వస్తుంది.”

“మరి ఇన్నాళ్లూ ఏం చూసి రెట్టించావ్?”

“నిన్ను చూసి. రెట్టిస్తే పారేస్తావుగా. కవరు భద్రంగా ఇంటికెళ్తుంది.”

 అంటే లూకి ఇన్నాళ్లూ ఒక ఆయాని పెట్టారన్నమాట. నిన్నెవడడిగాడని లూ నిలదీశాడు. ఎవరూ అడగలేదని ఎమిల్ ఒప్పుకున్నాడు. ఉత్త చేత్తో రెట్టించి ఆ ముసలాడు మిగతావాళ్లకి ఎంత సమర్పించుకున్నాడో లూకి అప్పుడు తట్టింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

తర్వాతి ఆటలో లూకి పదుల జత పడింది, నిఖార్సైనది. ఎమిల్ మళ్లీ తొమ్మిది చూపించి రెట్టించాడు.

“నాకు జత పడిందిరా లూ,” అన్నాడు, ఎటో చూస్తూ.

“పడే ఉంటుందిలే,” అని లూ పదులు రెండూ పారేసి, చింపని కవరు జేబులో పెట్టుకుని, కోటు తొడుక్కుని ఇంటికి బయలుదేరాడు.