అడగకుండా వదిలేసిన ఆరు అంకెలు

నిరుడు మే నెల. నర్సీపట్నం బస్టాండుకు దగ్గరలో మూర్తిగారని ఒకాయన నడిపే కంప్యూటర్ సెంటర్. మేడ మీద హాలు, ముప్పై కంప్యూటర్లు, రెండు ఏసీలు, వాటిలో ఒకటి పనిచేయదు. పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఆ సెంటర్ మరమ్మతులూ నేనే చూసేదాన్ని. అక్కడ జరిగిన ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట సగం మూర్తిగారి మీద, సగం నా మీద.

మూర్తిగారికి వైర్లంటే పడదు. ఫొటోల్లో అసహ్యంగా కనిపిస్తాయట. అందుకని అన్నీ బ్లూటూత్ కీబోర్డులే కొన్నారు. ఇలాంటి కీబోర్డును ముందుగా ఒక కంప్యూటర్‌తో జత కలపాలి. దాన్నే పెయిరింగ్ అంటారు. ఆ సమయంలో తెర మీద ఆరు అంకెలు వస్తాయి. అవే అంకెలు కీబోర్డు మీద కొట్టి ఎంటర్ నొక్కాలి. తన ముందున్న కీబోర్డు ఇదేనని కంప్యూటర్ తేల్చుకునేది అలాగే. ముప్పై సీట్ల దగ్గర ఇదంతా చేత్తో చెయ్యడం విసుగు పుట్టించే పని. అందుకని ఒక స్క్రిప్ట్ రాసిచ్చాను. స్క్రిప్ట్ అంటే చెయ్యాల్సిన పనులన్నీ వరసగా రాసిపెట్టిన చిన్న ఫైలు. ఒక్కసారి నొక్కితే మిగతాది అదే చూసుకుంటుంది.

"ఆ అంకెల గోల తీసెయ్యండి విజయగారూ. బేగి అయిపోవాల," అన్నారు మూర్తిగారు.

"తీసేస్తే ముందు ఏ కీబోర్డు పలికితే దాన్నే పట్టుకుంటుందండీ. ఒక్కోసారి ఒక్కటే ఆన్ చెయ్యాలి మరి."

"అలాగే సేస్తాం. మాకామాత్రం తెలవదేటి?"

తీసేశాను. ఆయన మాట నమ్మి కాదు, వాదించే ఓపిక లేక. పైగా పని పూర్తయితే తెర మీద పచ్చరంగులో 'ఓకే' అని వచ్చేలా పెట్టి మురిసిపోయాను కూడా.

కొన్ని వారాలకు ఒక ప్రైవేటు కంపెనీ డేటా ఎంట్రీ ఉద్యోగాలకు ఆ హాల్లోనే టైపింగ్ పరీక్ష పెట్టింది. పది నిమిషాలు, అందరికీ ఒకటే ఇంగ్లిషు పేరా. రోల్ నంబర్లు మూర్తిగారే ముందుగా ఎక్కించారు. బెల్లు కొట్టేదాకా కీబోర్డు ముట్టుకోకూడదని నిబంధన. పరీక్ష అయ్యాక ఫలితాలు ప్రింటు తీస్తుంటే ప్రింటర్ మొరాయించిందని నాకు కబురు వచ్చింది. నేను వెళ్లి దాన్ని విప్పుకుని కూర్చున్నాను.

అప్పుడు కౌంటర్ దగ్గరికి ఒకమ్మాయి వచ్చింది. పేరు పార్వతి. చింతపల్లి దాటి లోపల కొండ మీద ఊరు. నర్సీపట్నంలో ఉండి పాత టైపు మిషన్ మీద రెండేళ్లు నేర్చుకుంది. అప్పటికి రెండు పరీక్షలు తప్పింది. ఈసారీ పోతే ఇంట్లోవాళ్లు ఇక టౌనులో ఉండనివ్వరు. ఆమె చేతిలో తన ప్రింటు, దాని మీద ఫెయిల్ అని ఉంది.

"ఇది నా టైపు కాదండి. ఒక్కపాలి సూడండి," అంది.

మూర్తిగారు తలెత్తలేదు. "తప్పినోళ్లందరూ అదే అంటారమ్మా. ఏజెన్సీ కొండల నుంచొచ్చినోళ్లకి కంప్యూటర్ కొత్త. ఎల్లి బాగా నేర్సుకుని రా," అని నవ్వారు.

"కొత్త కాదండి. ఫుల్‌స్టాప్ కొట్టినాక రెండు ఖాళీలొదలాలని మా మేస్టారు నేర్పినారు. మరిసిపోతే మళ్లీ పేజీ అంతా కొట్టించీవోరు. ఇందల ఒక్కటే ఖాళీ ఉన్నాది. నా సెయ్యి ఒక్క ఖాళీ వొదల్దండి."

నా చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను. ఆమెది పద్నాలుగో సీటు. కంప్యూటర్ పక్క సీటు కీబోర్డును పట్టుకుందేమోనని అనుమానం వచ్చి, పదిహేనులో కూర్చున్న రమణ అనే అతని ప్రింటు తీసి చూశాను. ప్రతి ఫుల్‌స్టాప్ తర్వాతా రెండేసి ఖాళీలు. ఒక్క తప్పు లేదు. కింద పాస్ అని ఉంది.

"కొడుతున్నప్పుడు తెర చూసుకోలేదా అమ్మా?" అని అడిగాను.

"కాయితం మీంచి కళ్లు తియ్యకూడదు గదండీ! ఆకర్ని ఓపాలి సూస్తే అదే పేరా కనపడింది. నాదే అనుకున్నాను."

పద్నాలుగో సీటు దగ్గరికి వెళ్లి ఒక అక్షరం నొక్కాను. అది పదిహేనో తెర మీద పడింది. పదిహేనులో నొక్కితే పద్నాలుగులో పడింది.

మూర్తిగారిని నిలదీస్తే తాపీగా చెప్పారు. "పొద్దున్న ఆ రెండూ పాడైపోతే కొత్తవి ఎట్టాను. రెండూ ఒకేపాలి ఆన్ సేసి మీ స్క్రిప్ట్ నొక్కినాను. ఓకే అనొచ్చింది. ఇంకేటి సెయ్యాల?" వెంటనే గొంతు తగ్గించి, "లిస్టు కంపెనీకి ఎల్లిపోయింది. నోరెత్తకండి. సెంటర్ పేరు పోతాది," అన్నారు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. హాల్లో ఇంకా పదిమంది ఉన్నారని కూడా చూడలేదు. "మీ సెంటర్ పేరు సంగతి తర్వాత. ఇక్కడ ఈ పిల్ల బతుకు పోతోంది. కొండ మీంచి వచ్చినవాళ్లకి కంప్యూటర్ కొత్తని నవ్వారే, ఈ కంప్యూటర్ తప్పు పట్టుకున్నది ఆమె ఒక్కతేనండీ. మీకూ తెలియలేదు, రాసిన నాకూ తెలియలేదు," అని అరిచాను. నా అరుపుకు పార్వతే భయపడి రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ మధ్యాహ్నమే కంపెనీకి నా పేరుతో ఉత్తరం రాశాను. కీబోర్డుల అడుగున ఉండే గుర్తింపు సంఖ్యల ఫొటోలూ, ఏ కంప్యూటర్ దేన్ని పట్టుకుందో స్క్రిప్ట్ దాచుకున్న వివరాలూ జత చేశాను. అంకెలు అడిగే మెట్టు తీసేసింది నేనేనని కూడా రాశాను. అది రాసేటప్పుడు మూర్తిగారి మీదకన్నా నా మీదే ఎక్కువ కోపం వచ్చింది. కంపెనీవాళ్లు ఆ ఇద్దరికీ మళ్లీ పరీక్ష పెడతామన్నారు, నన్ను దగ్గరుండమన్నారు. మూర్తిగారు ఆ తర్వాత నన్ను ఏ మరమ్మతుకూ పిలవలేదు.

రమణ మాత్రం పాయకరావుపేట నుంచి నా షాపుకు వచ్చి మరీ తిట్టాడు. "ఇంట్లో పాసైనానని సెప్పేసినాను. మీరు సేసిన తప్పుకి నా మొకం ఎక్కడ ఎట్టుకోవాలండీ?" అన్నాడు. అతని కోపంలో అన్యాయం ఏమీ లేదు. క్షమించమన్నాను. క్షమించలేదు.

రెండో పరీక్ష రోజున అదే హాల్లో, తీసేసిన మెట్టు స్క్రిప్ట్‌లో తిరిగి పెట్టాను. పార్వతి కూర్చోగానే తెర మీద ఆరు అంకెలు వచ్చాయి. ఒక్కొక్కటే కొట్టి ఎంటర్ నొక్కింది.

"ఇంతేనా అండీ?" అంది.

"ఇంతేనమ్మా."

"అర నిమిషం పట్టనేదు. ఇదేదో ఆ రోజే అడిగుంటే నానంత ఏడిసే పని నేకపోను గదండీ."

ఆమెకు ఉద్యోగం వచ్చింది. రమణకు రాలేదు. స్క్రిప్టులు ఇప్పటికీ రాస్తున్నాను. ఆ అంకెల గోల తీసెయ్యమని ఎవరైనా అంటే మాత్రం, ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషెవరో ముందు చెప్పమంటున్నాను.