పంపుకు కొసరు

2021 వానాకాలం. పెద్దపల్లిలో నా ఎరువుల దుకాణానికి ఎదురుగానే అన్వర్ భాయ్ దుకాణం. ఆ ఏడు నేనొక ఘనకార్యం చేశాను: పొలం మందుకు కొసరు వేశాను. పప్పులకూ బెల్లానికీ మా తాత వేసేవాడు. మందుకు వేసిన మొదటి మొనగాణ్ణి నేనే.

కారణం కడుపుమంట. అన్వర్ వ్యవసాయ డిప్లొమా చదివాడు. ఎవరొచ్చినా ఏ మందు ఎంత కలపాలో చీటీ మీద లెక్క రాసిచ్చేవాడు. రైతులు దాన్ని ప్రసాదంలా జేబులో దాచుకునేవారు. గంటసేపు బేరమాడేది నా దగ్గర, కొనేది ఆయన దగ్గర!

వరిలో జింక్ లోపం కనిపిస్తే జింక్ సల్ఫేట్ పొడిని నీళ్లలో కలిపి కొడతారు. కాన్సెంట్రేషన్, అంటే లీటరు నీటిలో ఎంత మందు ఉండాలన్న లెక్క, రెండు గ్రాములు. వీపుకు తగిలించుకుని కొట్టే పదహారు లీటర్ల పంపుకు ముప్పైరెండు. అన్వర్ ముప్పైరెండు గ్రాముల పొట్లాలు కట్టాడు. నేను అదే ధరకు యాభై కట్టాను. మూడు రోజులు జనం నా గల్లా ముందే. ఎదుటి దుకాణం ఖాళీగా ఉంటే చూడ్డానికి ఎంత హాయిగా ఉందో!

వారం తిరిగేసరికి మల్లవ్వ వచ్చింది. రెండెకరాలు కౌలుకు చేస్తోంది. గుప్పెడు వరి ఆకులు నా ముందు పడేసింది.

"గిది చూడు సేటూ! కొసలన్నీ మాడినయ్. పంట పోతే కౌలు ఎట్ల కట్టాలె?"

ఆమె విసురుగా రోడ్డు దాటి అన్వర్ దగ్గరికి వెళ్లింది. ఏం చెబుతాడోనని నేనూ వెనకే వెళ్లాను.

"పంపు ఎంతది అవ్వా?" అన్నాడు అన్వర్. నేను ఒక్కరినీ అడగని ప్రశ్న.

"మా బాపు నాటిది. పది లీటర్లు."

"పదిట్ల యాభై. లీటరుకు ఐదు పడ్డది. రెండే ఉండాలె. పరేషాన్ గాకు, మడిల పాత నీళ్లు తీసి కొత్త నీళ్లు పెట్టు. మాడిన ఆకు మళ్ల పచ్చగ గాదు గని, కొత్తది మంచిగొస్తది."

"గీ సేటు కొసరేసిండు భాయ్!"

అన్వర్ నా వంక చూశాడు. "సేటుకు నీ మీద జర ప్రేమెక్కువ. నీళ్లకు గా ప్రేమ తెల్వది."

అంతే. ఆ రోజే రైతుల దగ్గర మిగిలిన పొట్లాలు వెనక్కి తెప్పించాను. బజారంతా గుప్పుమంటుందని వారం రోజులు చెవులు రిక్కించాను. ఆయన ఎవరికీ చెప్పలేదు. దానికీ కుళ్లుకున్నాను.

నేర్చుకున్నది ఒకటే. పొట్లం కట్టేముందు పంపు ఎంతదో అడగాలి. లీటరు లెక్కలో మన దొడ్డ మనసుకు చోటు లేదు.

ఇక బిల్లు. కోతనాడు మల్లవ్వకు తగ్గిన వడ్లు మూడు బస్తాలు, అవి నేనిచ్చాను. పదహారు లీటర్ల కొత్త పంపు ఒకటి, అదీ ఆమెకే. పంపులు అమ్మేది అన్వర్ ఒక్కడే కాబట్టి అక్కడే కొన్నాను. ఆయన చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చాను. కొసరు అడగలేదు.