గంధం పూసిన చిప్పులు

సాఫ్ట్‌వేర్ వెలిగిపోతున్న రోజుల్లో తోటివాళ్లంతా చాంగీ బిజినెస్ పార్క్‌లో బ్యాంకుల ఏసీల్లో కూర్చుంటే, నా నుదుటిన జాక్‌పాట్ మెషిన్లు రాసిపెట్టి ఉన్నాయి. నాణెం వేసి మీట నొక్కితే బొమ్మలు గిర్రున తిరుగుతాయే, అవి. క్లబ్బుల్లో వాటి మెమరీ చిప్పులు చెడిపోతే పాయా లేబర్ అనే పేటలోని మా చిన్న వర్క్‌షాప్‌లో బాగుచేసేవాళ్లం. ఇంటికి మాత్రం కంప్యూటర్ ఉద్యోగమనే చెప్పాను. అబద్ధమేం కాదు, వాటి కడుపులో ఉండేదీ కంప్యూటరే.

నాకు పని నేర్పిన అంకుల్ తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చినవాళ్లు. ఆయన కళ్లు కాస్త మసకబారాయి గానీ చేతులు తడబడేవి కావు. ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర 'లా' అని ఓ తోక తగిలించేవాడు.

ఆ ఏడు ఆయుధ పూజకు అంకుల్ సెలవులో ఉన్నాడు. స్క్రూడ్రైవర్లకు బొట్లు పెట్టాక గంధం మిగిలింది. పారబోయడమెందుకని, క్లబ్బుకు వెళ్లాల్సిన పన్నెండు బోర్డుల మీద ప్రతి చిప్పుకూ తడిగంధం పూసి కుంకుమ అద్దాను. ఎంత కళగా ఉన్నాయో.

వారం తిరక్కముందే ఒక్కో మెషినూ మెమరీ పాడైందంటూ ఎర్రలైటు వేసుకుని మొరాయించింది. ఒకటైతే పెద్ద బహుమతి తగిలినట్టు మూడు ఏడులు చూపించి బిగుసుకుపోయింది. ఆడుతున్న ఆంటీ సీటు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకుని, అంటే ఆ సీటు తనదేనని గుర్తు పెట్టుకుని, అది కదిలేదాకా తానూ కదలనంది. నేను బ్యాటరీలు మార్చాను, కరెంటు చూశాను, ఏసీని తిట్టాను. బొట్టును మాత్రం అనుమానించలేదు. దిష్టి తగిలిందనుకుని, బాగుపడి వెళ్లే ప్రతి బోర్డుకూ ఇంకాస్త దట్టంగా పెట్టి పంపాను.

మా చైనీస్ మేనేజర్ తప్పంతా అంకుల్ కళ్లమీదికి తోశాడు. "ముసలాయన చిప్పు కాళ్లు వంచేస్తున్నాడు. శుక్రవారమే ఆఖరు" అన్నాడు. అంకుల్ తలూపి మళ్లీ పనిలో పడ్డాడు.

గురువారం మధ్యాహ్నం తిని వచ్చేసరికి అంకుల్ ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో చిప్పు కాళ్ల మధ్య ఎర్రముద్దేదో గీకుతున్నాడు. భూతద్దం లాక్కుని చూశాను. గంధం తేమ పట్టి కాలికీ కాలికీ షార్ట్ సర్క్యూట్ చేసింది. నా గంధమే.

"ఎప్పట్నుంచి తెలుసు అంకుల్?"

"మొదటి బోర్డు నుంచే లా. నేను తుడస్తా ఉంటే నువ్వు పెడతా ఉన్నావు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు మేనేజర్ కాడికి పోతావు. నీ వర్క్ పాస్ రెన్యూవల్ ఈ నెలే గదా. నన్ను తీసేస్తే ట్రైనెక్కి యూ టీలో మా ఇంటికి పోతా. నిన్ను తీసేస్తే మీ ఊరికి ప్లేనెక్కాల లా."

సిగ్గుతో చచ్చిపోయాను. బోర్డు పట్టుకుని తిన్నగా మేనేజర్ గదికెళ్లి జరిగింది చెప్పేశాను. ఆయన కుంకుమనూ, నన్నూ, గోడ మీద ఎర్రదీపాల మధ్య నారింజలు పెట్టించుకున్న తన దేవుణ్నీ మార్చి మార్చి చూశాడు.

"దేవుణ్ని మెషిన్ బయట పెట్టు లా, లోపలెందుకు? పన్నెండూ ఆడితే ఇద్దరూ ఉంటారు."

శుక్రవారమంతా కూర్చుని, క్లబ్బు నుంచి తెప్పించిన బోర్డుల మీది బొట్లన్నీ నేనే తుడిచి పంపాను. పండగ బొట్టు చెరపడానికి చేతులు రాలేదు, అయినా తుడిచాను. సోమవారం క్లబ్బు నుంచి ఫోనొచ్చింది, పన్నెండూ ఆడుతున్నాయని.

అంకుల్ కాఫీ కప్పు పక్కన పెట్టి, బల్ల మీది భరిణలోంచి చిటికెడు కుంకుమ తీసి నా నుదుటిన పెట్టాడు.

"ఇక్కడైతే షార్ట్ అవ్వదు" అన్నాడు.