ఎర్రగడ్డ కలిపిన అంబలి

మా ఆయన వడదెబ్బతో పోయింది రెండువేల రెండు మే నెలలో, యాడికి ఊరి దగ్గర మా మెట్టచేను గట్టు మీద. ఆ పొద్దు ఆయన అంబలి తాగకుండా వెళ్లాడని మా అత్త అందరికీ చెప్పేది. అది తప్పు. తాగాడు; గిన్నె కడిగింది నేనే. ఎర్రగడ్డ నంజుకోలేదు, అంతే. ఉల్లిపాయను మావైపు ఎర్రగడ్డ అంటాం. ఎండలో పోయేవాళ్లు దాన్ని పిడికిలితో గుద్ది పగలగొట్టి అంబలిలోకి నంజుకుంటారు. వడదెబ్బ తగలదని నమ్మకం.

మరుసటి ఎండాకాలానికి ఇంట్లో మిగిలింది అత్త, నేను, ఆయన వెంట చేనికి పోయే నల్లకుక్క. నాకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. పనులు జరిగిపోయేవి. కుక్కను ఎండ నుంచి కాపాడాలన్నది ఒక్కటే గట్టిగా పట్టుకున్నాను. ప్రేమతో కాదు. ఆ ఏడాదంతా అత్త మనసు విప్పి మాట్లాడింది దానితోనే. అదీ పోతే ఆమె అన్నం మానేస్తుందని నాకు తెలుసు.

తెల్లవారకముందే దాన్ని తిప్పి తెచ్చేదాన్ని. వాకిట్లో పరిచినవి నాపబండలు. బయటికి వదిలే ముందు బండ మీద అరచెయ్యి ఆనించి చూసేదాన్ని. నా చెయ్యి నిలవకపోతే దాని కాలూ నిలవదు. నీళ్ల కడవల కింద, కారిన నీళ్లకు తడిసిన ఇసుకలో దానికి చోటిచ్చాను. గోనెసంచి తడిపి కిటికీకి కట్టాను. ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది. మా స్నానాలకు కొలత ఉండేది గాని కుక్క ముంతకు లేదు.

అయినా అది నీరసపడింది. నీడలో పడుకున్నా రొప్పేది. ఒకరోజు మూత్రం ఎర్రగా పోసింది.

“వేడి చేసిండాది,” అంది అత్త. “నువ్వు బండలు తడుముకుంటా కూర్చో. కడుపులో చలవ ల్యాకపోతే అది యాడ బతుకుతాది?”

ఉగాది దాటినప్పటి నుంచి ఆమె దానికి పూటపూటా అంబలిలో ఎర్రగడ్డ నూరి కలిపి పోస్తోంది. ఆ రోజు నుంచి ఒకటికి రెండు వేసింది. నాలుగు రోజులకు కుక్క లేవలేకపోయింది. తడిగోనెలో చుట్టి ఆటో దగ్గరికి మోసుకుపోయాం.

“మనుషులకే సీటు ల్యాదు, కుక్క యాడ కూర్చుంటాది అవ్వా?” అన్నాడు ఆటోవాడు.

“నా సీట్లో కూర్చుంటాది. నేను యాలాడుకుంటా వస్తా. పోనీ!”

పశువుల డాక్టరు దాని పెదవి పైకెత్తి చూశాడు. చిగుళ్లు సున్నంలా ఉన్నాయి. ఏం పెడుతున్నారని అడిగాడు. ఎర్రగడ్డ సంగతి అత్తే చెప్పింది, గొప్పగా.

“కుక్కకు అది విషం అవ్వా. రక్తం విరిగిపోతాది. ఇది ఎండ దెబ్బ కాదు.”

“ఏం మాట్లాడతావప్పా! డెబ్బై ఏండ్లు తిన్యా, నాకేమయినాది?”

“నువ్వు కుక్కవు కాదు గదవ్వా.”

గొర్రెలు తోలుకొచ్చినవాళ్లు నవ్వారు. అత్త నవ్వలేదు. డాక్టరు సూది వేసి, వారం గడిస్తే బతుకుతుందన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కుక్క తల ఆమె ఒడిలో ఉంది. దాని చెవులు నిమురుతూ అత్త అడిగింది.

“మనిషికయితే పని చేస్తాది గదా?”

చేస్తుందంటే, ఆ పొద్దు నంజుకోకుండా పోయిన కొడుకు ఆమె కళ్ల ముందుకొస్తాడు. చేయదంటే, ఏడాదిగా ఆమె పట్టుకున్న ఒక్క నమ్మకమూ పోతుంది. నాకు నిజంగానే తెలియదు.

“తెల్దత్తా,” అన్నాను.

“నీకేం తెల్సులే,” అని ముఖం తిప్పుకుంది.

వారం గడిచింది. ఒక తెల్లవారుజామున కుక్క వట్టి అంబలి తాగి, తనంతట తానే గడప దాకా నడిచింది. అత్త అలవాటు కొద్దీ ఎర్రగడ్డ తీసుకుని గుద్దింది. రెండు చెక్కలయ్యాక చెయ్యి ఆగింది. వాటిని నా వైపు నెట్టింది.

“నువ్వు తిను. చేనికి పోతాండావు గదా.”

ఏడాదిగా నేను చేనికి పోతూనే ఉన్నాను. ఆమె ఆ మాట అనడం అదే మొదలు. ఒక చెక్క నోట్లో వేసుకున్నాను, ఇంకొకటి కొంగున కట్టుకున్నాను. వాకిట్లో కూర్చుని బండ మీద అరచెయ్యి పెట్టి చూశాను. ఇంకా కాలలేదు. కుక్కను వదిలాను.