గోడవతలి కన్ను

మా తోడికోడలు పోయిందన్న కబురు నాకంటే ముందు హాకీ మైదానానికి తెలిసింది. మా రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆమె దగ్గితే నాకు వినపడుతుంది, నేను తాలింపు వేస్తే ఆమె తుమ్ముతుంది. అంత దగ్గర ఉన్న నాకు ఆ పొద్దున అందరి తర్వాత తెలిసింది. ఆమె రోజూలాగే తెల్లవారి ఆటగాళ్ల సాధన చూడబోయి, మైదానం పక్కన తన సిమెంటు మెట్టు మీద కూర్చుని, స్తంభానికి తల ఆనించి పోయింది. పెద్దామె కునుకు తీస్తోందనుకుని వాళ్లు చాలాసేపు అరుపులు లేకుండా ఆడారట. చావులో కూడా ఆమెకు అంత మర్యాద. నేను కన్ను మూస్తే నా కోళ్లు కూడా గొంతు తగ్గించవు.

నాకు అక్షరం రాదు. ఈ తమిళ ఊరు కోవిల్పట్టిలో మేము ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ, చదవగలిగినవాళ్లు మాలో తక్కువ. మా చిన్న కోడలు చిత్తూరు వైపు పిల్ల, అది రాస్తోంది. నా మాటలు కాస్త దిద్ది రాస్తానంది. మాటలు దిద్దుకో, సంగతి దిద్దకు అన్నాను. నా తోడికోడల్ని నేను అక్కా అనే పిలిచేదాన్ని. అక్క గురించి మంచి చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. నేనూ చెబుతాను. కానీ ఆమె నా మీద వేసిన నింద ఒకటి అలాగే ఉండిపోయింది. అది తీసేయకుండా నేనూ పోతే, ఊరు దాన్నే నా పేరుగా చెప్పుకుంటుంది.

నింద ఏమిటంటే, నా కన్ను మంచిది కాదట. మా ఊరి హాకీ జట్టు ఓడినప్పుడల్లా అది నా చూపు తగిలేనట.

మా బావగారు, అంటే అక్క పెనిమిటి, వెనకటి మిల్లు జట్టులో ఆడినవాడు. ఆయన బంతి తీసుకుని పరుగెత్తితే ఊరంతా లేచి నిలబడేది. నా పెనిమిటి ఈ పక్కనున్న నాగలాపురం దగ్గర మా నల్లరేగడి చేలల్లో పత్తి వేసి, వాన కోసం ఆకాశం చూస్తూ బతికాడు. పత్తి చేనుకి చప్పట్లు కొట్టేదెవరు? బావగారు పోయాక కూడా అక్క మైదానానికి పోవడం మానలేదు. మిల్లు జట్టు పోయింది, కంపెనీవాళ్లు జీతాలిచ్చి నడిపే లీగు జట్టు వచ్చింది, మట్టి మైదానం పోయి నీలం రంగు తివాచీ లాంటిది పరిచారు. ఆమె మెట్టు మాత్రం మారలేదు. ఆటగాళ్లకి ఆమె పెద్దవ్వ. నేను చిన్నవ్వని. ఆమె గుమ్మం ముందు బూట్లు, కర్రలు కుప్పలు పడి ఉండేవి. నా గుమ్మం ముందు కాకి కూడా ఆగేది కాదు.

ఆట ఉన్న రోజు పొద్దున జట్టంతా ఆమె వాకిట్లో వరసగా నిలబడేది. గుప్పిట్లో రాళ్ల ఉప్పు, ఎండు మిరపకాయలు పట్టుకుని, వాళ్ల చుట్టూ తిప్పుతూ దిష్టి తీసేది. కళ్లన్నిటినీ పేరు పెట్టి పిలిచేది. "వీధి కన్ను, సంత కన్ను, బస్సు దిగిన కన్ను, నవ్విన కన్ను, నవ్వని కన్ను..." చివర మా వైపు తిరిగి గొంతు పెంచేది. "గోడవతలి కన్ను!"

పిల్లలు కిసుక్కుమనేవారు. ఆమెకు గోడ ఉన్నది ఒకవైపే. దానికి అవతల ఉన్నది నేను ఒక్కదాన్నే.

తర్వాత గుప్పిట్లోది నిప్పుల చట్టిలో వేసేది. మిరపకాయలు కాలి ఘాటు లేచి అందరూ దగ్గితే దిష్టి లేదని లెక్క. ఘాటు రాకపోతే గట్టి దిష్టే తగిలిందని, ఇప్పుడు అది కాలిపోయిందని లెక్క. ఆమె వేసినప్పుడు ఏనాడూ ఘాటు వచ్చేది కాదు. "చూస్తిరారా, నా చెల్లెలు ఎంత గట్టిగా చూసిండాదో!" అనేది. దిష్టి కాలిపోయిందన్న ధైర్యంతో పిల్లలు పోయి గెలిచి వచ్చేవారు.

నా పుట్టిల్లు విరుదునగర్. మా వాళ్లది మిరపకాయల వ్యాపారం. మా అమ్మ ఒళ్లో కూర్చున్నప్పటినుంచి నాకు కాయ తెలుసు. అక్క వాడేవి తాలు కాయలు, రంగు చచ్చి తెల్లబడి, అంగట్లో చివరికి మిగిలినవి. ఒకనాడు పట్టలేక గోడ మీదుగా తల పెట్టి అడిగాను.

"ఏమక్కా, అవి మిరపకాయలా, ఎండిన ఆకులా? తాలు కాయని నిప్పులో ఏస్తే ఘాటు యాడనుంచి వస్తాది?"

"కాయకేమి కొరత? నీ చూపే దాని ఘాటును తినేసినాది."

"నా చూపు మిరపకాయలు తింటాదా? నాకు పళ్లే లేవే!"

"కంటికి పళ్లు ఎందుకే?"

వరసలో ఉన్న గోల్‌కీపర్ నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాడు. ఆమెకు మాత్రం పళ్లన్నీ ఉన్నాయి. ఆ వయసులో కడలమిట్టాయిని, అదే వేరుశనగ పట్టీని, పటపటమని కొరికేది, అదీ నాకు వినపడేలా.

ఈ ఏడు లీగు మొదలైనప్పుడు మావాళ్లు వరసగా గెలిచారు. అక్క వీధిలో నడుస్తుంటే చీర కుచ్చిళ్లు కూడా గర్వంగా ఊగేవి. అప్పుడు విరుదునగర్ జట్టు మా ఊరికి ఆడటానికి వచ్చింది. మా తమ్ముడు పంపిన కొత్త పంట గుండు మిరపకాయలు నా దగ్గర ఉన్నాయి. ఈ రోజైనా నిజం తేలనీ అని గుప్పెడు తీసుకెళ్లి ఆమె చేతిలో పోశాను. నలుగురి ముందు వద్దనలేకపోయింది. నిప్పులో వేసింది.

వీధి చివరి టీ కొట్టు దాకా దగ్గారు. జట్టంతా కళ్లు నులుముకుంటూనే మైదానానికి పోయింది. గోల్‌కీపర్‌కి సాయంత్రం దాకా కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయట. బంతి ఎటునుంచి వచ్చేదీ తెలియక చిత్తుగా ఓడారు.

"పుట్టింటోళ్లని గెలిపించుకుంటివి కదా, సంతోషమా?" అంది అక్క.

మీరే చెప్పండి. ఘాటు రావడం మంచి మిరపకాయ తప్పా? దిష్టి లేదని అది చెప్పింది, నిజమే చెప్పింది. కళ్లు కడుక్కుని ఆడమని ఎవరూ చెప్పకపోతే నేనేం చేస్తాను? ఊరు ఇదంతా విందా? వినలేదు.

అక్కడినుంచి జట్టు జారింది. ఒకటి ఓడి, ఒకటి సమం చేసి, మళ్లీ ఓడి, పట్టికలో అడుగుకి వచ్చింది. అప్పుడే నా కంటికి ఆపరేషన్ అయింది. కట్టు కట్టుకుని ఇంట్లో పడుకున్న వారమే మావాళ్లు తిరునెల్వేలిలో గెలిచారు. కట్టు విప్పిన వారం మళ్లీ ఓడారు. ఇక ఊరికి అడ్డెవరు? "చిన్నవ్వా, ఇంకొక కంటికి ఎప్పుడు ఆపరేషను?" అని దారినపోయేవాడు కూడా అడిగాడు.

అన్ని మాటలన్న అక్క, ఆ రోజుల్లో పూటపూటకీ గోడ చుట్టు తిరిగి వచ్చి నా కంట్లో చుక్కలు వేసేది. నా కోడళ్లని వేయనిచ్చేది కాదు, వాళ్లకి చెయ్యి వణుకుతుందనేది. నా తల తన ఒళ్లో పెట్టుకుని, రెప్ప పైకి పట్టి, చుక్క పడ్డాక ఊదేది. "ఎందుకక్కా ఈ శ్రమ, ఇది చెడ్డ కన్నే కదా" అన్నాను.

"నీ కన్ను చెడిపోతే నేను ఎవురి దిష్టి తీసేది?" అంది. "సుమ్మా, ఊరికే పడుకో."

ఆ ఒడి వెచ్చగా ఉండేది. దానికీ నాకు మంటే. జట్టంతా ఏ ఒళ్లో తల పెట్టి ఏడ్చేదో ఆ ఒడి అది. ఓడిన రోజు ఎక్కువ గోల్స్ వదిలినవాడికి ఆమె ముందుగా మిట్టాయి పెట్టేది. "గెలిచినోడికి ఊరంతా పెడతాది, వీడికి ఎవురు పెడతారు?" అనేది. ఆ మాట ఆమెది. నాకెందుకు తట్టలేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను పంతానికి మైదానం గడప తొక్కలేదు. కానీ ప్రతి ఆటా నాకు తెలుసు. సాయంత్రం గిన్నెలు తోముతూ అక్క ఆటంతా చెప్పేది, ఎవరితోనో కాదు, గోడతో. ఎవడు కర్ర ఎత్తాడు, ఎవడు పెనాల్టీ కార్నర్ పాడు చేశాడు, అన్నీ. నేను ఇటువైపు ఏ పనీ లేకుండా ఆ గోడ దగ్గరే కూర్చునేదాన్ని. మధ్యలో నేను "ఊఁ" అనకపోతే, "ఉండావా, పోయినావా?" అని గిన్నెతో గోడ మీద కొట్టేది.

ఆమెను తీసుకెళ్లిన రోజు పాడెను మైదానం మీదుగా తిప్పారు. ఆటకి ముందు చల్లినట్టు నీలం తివాచీ అంతా నీళ్లు చల్లి ఉంచారు. ఆట లేదు, అయినా చల్లారు. ఆ తడి చూసి నా కడుపు మండింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముఖం ఎలా పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

అక్క కర్మ ముగిసిన ఆదివారమే లీగులో ఆఖరి ఆట. అదీ విరుదునగర్‌లో, విరుదునగర్ జట్టుతోనే. ఓడితే మావాళ్లు కింది లీగుకి పడిపోతారు. దిష్టి ఎవరు తీయాలని వీధిలో ఒకటే మాట. తిరుత్తంగల్ నుంచి వచ్చిన అక్క కూతుర్ని అడిగారు. తనకి ఆ మాటలు రావంది. ఆ మాటలన్నీ వచ్చినదాన్ని నేను గోడకి ఇటువైపు ఉన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. నేను వాకిలి ఊడ్చిందే ఊడుస్తూ ఉన్నాను.

శనివారం సాయంత్రం కెప్టెన్ వచ్చి నా గుమ్మం ముందు మెడ గోక్కుంటూ నిలబడ్డాడు.

"చిన్నవ్వా..."

"ఏమిరా, దారి తప్పినావా? పెద్దవ్వ ఇల్లు ఆ పక్కది."

"రేపు దిష్టి నువ్వు తీస్తావా అని..."

"నా కన్నే దిష్టి అంటిరే! దిష్టి చేతనే దిష్టి తీయిస్తారా?"

"పెద్దవ్వే చెప్పిండాది. 'నేను లేని రోజు దాని దగ్గరికి పోండిరా, నేను పిలిచే కళ్లన్నీ దానికి తెలుసు, గోడకి చెవి పెట్టుకునే ఉంటాది' అని."

"చెవి ఎవురు పెట్టినారు? గోడే పలచన!"

వాడు నవ్వు ఆపుకున్నాడు. "ఆమా, గోడే పలచన. ఇంకొకటి అడగమన్నారు. విరుదునగర్ నీ పుట్టిల్లు కదా. నువ్వు ఎవురి పక్కం?"

"ఈ ఊరికి కోడలిగా వచ్చి, ఈ ఊళ్లోనే ముసలిదాన్నైతిని. నన్ను అడిగే మాటేనా అది? పోయి అందరినీ పొద్దున్నే నా వాకిట్లోకి రమ్మను. నా వాకిట్లోకి, తెలిసిందా? ఆ పక్కకి కాదు."

గెలిచారా లేదా అని మీరు ఆగలేరు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. గెలిచారు. ఒక్క గోల్‌తో గెలిచి పై లీగులోనే నిలిచారు. అంతకుమించి ఆ ఆట గురించి నాకు తెలియదు. ఆ సాయంత్రం గోడ ఏమీ చెప్పలేదు.

నేను చెప్పదలిచింది ఆ పొద్దుటి సంగతి. జట్టంతా నా వాకిట్లో నిలబడింది. బూట్లు, కర్రలు నా గుమ్మం ముందు కుప్పగా పడ్డాయి. ఎంతకాలం చూశానో ఆ కుప్ప కోసం. విరుదునగర్ గుండు మిరపకాయలు, కొత్త పంటవి, నా తమ్ముడు పంపినవి, నా చేత్తో ఒక్కొక్కటీ ఎంచి తీసినవి. గుప్పిట్లో పట్టుకుంటేనే అరచెయ్యి మండుతోంది. గోల్‌కీపర్ కిందటిసారి సంగతి మరిచిపోలేదు, ముందే హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. మిగతావాళ్లు తువాళ్లు ముక్కుకి చుట్టుకున్నారు. మొదలుపెట్టాను. వీధి కన్ను, సంత కన్ను, బస్సు దిగిన కన్ను, నవ్విన కన్ను, నవ్వని కన్ను. అక్కడ నా నోరు ఆగింది. అందరూ నన్నే చూస్తున్నారు. గోడ వైపు తిరిగాను. అవతల తాళం వేసిన ఇల్లు, తోమి బోర్లించిన గిన్నెలు.

"గోడవతలి కన్ను" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గుప్పిట్లోది నిప్పుల మీద వేశాను. ఉప్పు చిటపటమంది. కాయలు ఉబ్బి, నల్లబడి, పగిలాయి. పొగ లేచింది. ఎవరూ దగ్గలేదు. ఒకడు తువాలు తీసి గాలి పీల్చాడు. గోల్‌కీపర్ హెల్మెట్ ఎత్తి చట్టి మీదకి వంగి చూశాడు. ఏమీ లేదు. ఘాటు లేదంటే గట్టి దిష్టి తగిలినట్టే లెక్క. కెప్టెన్ నా ముఖం చూశాడు. తాలు కాయలు అనడానికి లేదు, ఎంచింది నేను. నా కన్ను అనడానికి లేదు, చట్టి ముందు నిలబడింది నేను.

తన జట్టు నా వాకిట్లో, నా చెయ్యి కింద తల వంచుకుని నిలబడితే చూసి ఓర్చుకోగలదా ఆమె? ఓర్చుకోలేదు. నాకు తెలుసు. ఆ మంట ఎలా ఉంటుందో ఈ ఊళ్లో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"ఉండావా అక్కా" అన్నాను, నాకు మాత్రమే వినపడేలా.

ఘాటు లేని ఆ పొగ పిల్లల తలల మీదుగా మెల్లగా లేచి, గోడ దాటి, ఆమె వాకిట్లోకి దిగింది.