ఎడమ సగం ఖాళీగా వచ్చిన ఉత్తరాలు

మా మెంబరుగారు పోయారన్న కబురు కుప్పం బస్సులో వచ్చింది. పుంగనూరులో బస్సు ఆగీ ఆగకముందే డ్రైవరు తల బయటకు పెట్టి, "పంతులమ్మా, మీ మెంబరు మద్రాసు ఆస్పత్రిలో పోయినాడంట. రైలు దిగినోళ్లు చెప్పినారు" అన్నాడు. నేను బడికి వెళుతున్నాను. నా సంచిలో ఆయనకు రాసిన జవాబు ఉంది. పోస్టు చెయ్యలేదు. శుక్రవారం ఎలాగూ వస్తారు, చేతికే ఇద్దామని ఉంచుకున్నాను. దాచడమెందుకు, అది చదివేటప్పుడు ఆయన ముఖం ఎలా మారుతుందో చూడాలనే ఉంచుకున్నాను.

ఆయన్ని ఎరగని పాఠకులకు కాస్త చెప్పాలి. మద్రాసు శాసనసభలో మా వైపు మెంబరు ఆయన. రైల్లో కుప్పంలో దిగి, బస్సులో పుంగనూరు వచ్చి, ఇక్కడినుంచి మదనపల్లెకు వెళ్లేవారు. రాని నెలల్లో ఉత్తరం వచ్చేది. మూడు ఊళ్లకూ మూడు ప్రతులు సొంత చేత్తో రాసేవారు. పుంగనూరు ప్రతి నా పేరున వచ్చేది. సంతరోజు సాయంత్రం బడి అరుగు మీద నిలబడి దాన్ని నేను చదవాలి. నన్నే ఎందుకు ఎంచుకున్నారని ఒకసారి అడిగాను. "నీ గొంతు సంత దాటి వినపడతాది గదమ్మా" అన్నారు. పొగడ్తో ఎగతాళో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఉత్తరంలో పైన 'దేశం సంగతి', కింద 'మన సంగతి', రెంటికీ మధ్య స్కేలు పెట్టి గీసిన గీత. పైన సరిహద్దులో సైన్యం ఎక్కడ ఉంది, హైదరాబాదు గొడవ ఎక్కడికొచ్చింది. కింద కిరసనాయిలు ఎప్పుడొస్తుంది, రామసముద్రం చెరువు తూము ఎవరు బాగుచేస్తారు. ఈ రెండూ కాక 'నాకు తెలియనివి' అని ఇంకో భాగం ఉండేది. ఒక్కో నెల అదే అన్నిటికంటే పొడుగు. చదవడానికి నాకు సిగ్గుగా ఉండేది. మెంబరై ఉండి ఇన్ని తెలియవని ఎవరైనా రాసుకుంటారా? విన్నవాళ్లు మాత్రం అదే భాగం మళ్లీ చదవమనేవారు.

నన్ను ఎక్కువగా తొలిచింది మరొకటి. కాగితం దొరకని రోజులవి. మా పిల్లలు పలకలు అరిగిపోయేదాకా రాసేవారు. ఈయన మాత్రం కాగితాన్ని నిలువునా మడిచి కుడి సగంలోనే రాసేవారు. ఎడమ సగం తెల్లగా ఉండేది. ఒకసారి ఉండబట్టలేక ఈ దుబారా ఏమిటని అడిగేశాను. ఆయన నశ్యం పీల్చి, తుమ్ము వచ్చేదాకా ఆగి, తుమ్మి, అప్పుడు చెప్పారు.

"తాలూకా కచేరీలో ఇరవై ఏండ్లు గుమాస్తాగా ఉంటిని తల్లీ. పైవాళ్లకు అర్జీ పెడితే ఎడమ సగం ఇడిసిపెట్టి రాయాల. దొరగారు ఆడ తన మాట రాస్తాడు. ఇప్పుడు నా పైవాళ్లు యెవురు? మీరే గదా. ఆ సగం మీది."

ఆ తర్వాత ఖాళీ సగంలో సంత వాళ్ల మాటలు రాసి తిప్పి పంపడం మొదలుపెట్టాను. తిట్లు కూడా ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఆయన తిట్టిన వాడి ఊరు తెలుసుకుని, తర్వాతి రాకలో నేరుగా వాడి దగ్గరికే వెళ్లేవారు. పోతూ పోతూ ఆ కాగితం మళ్లీ నాకే ఇచ్చి దాచమనేవారు.

ఇక ఆ ఉత్తరం సంగతి చెప్పాలి. హైదరాబాదు గొడవలు ముదిరిన రోజులు. ఆ నెల 'దేశం సంగతి'లో చివరి వాక్యం ఇది: "అనుమానం కలిగించే కొత్త మనుషులు కనిపిస్తే వెంటనే తెలియజేయగలరు." నేను దాన్ని రెండుసార్లు, కొంచెం నాటకం కలిపి చదివాను. జనం గుడ్లప్పగించి వింటూంటే నాకు హుషారు వచ్చింది. అది ఒప్పుకోవాలి.

రెండో రోజున పెద్దపంజాణి దగ్గర పల్లెలో కళాయి సాయిబును పట్టుకున్నారు. కోలారు వైపునుంచి ఏటా వచ్చి మా గిన్నెలకు తగరం పూత పూసే మనిషి. ఆయన సంచిలో పొయ్యి ఊదే తోలుతిత్తి ఉంది, దానికి ఇనుప గొట్టం ఉంది, పొట్లంలో పూత పట్టడానికి చల్లే తెల్లటి నవసాగరం పొడి ఉంది. గొట్టం తుపాకి అయింది, పొడి బాంబుమందు అయింది. చావడి స్తంభానికి ఒక పగలంతా కట్టేశారు. పొడిని కాలవలో పోశారు, తిత్తి కోసి చూశారు. పోలీసులు వచ్చి, చూసి, విడిచిపెట్టారు. ఆయన కోసిన తిత్తి ఏరుకుని కోలారు దారి పట్టాడు.

నేను ఎడమ సగంలో ఒక్కటే రాసి పంపాను: "మీరు రాసినట్టే చేశారు. మనిషిని కట్టేశారు."

ఆయన నెల ఆగలేదు. మరుసటి సంతకే వచ్చి అరుగెక్కారు. "పోయిన కాగితంలో నేను రాసింది తప్పు. యెవుర్ని సూసి అనుమానపడాలో నాకే తెలీదు. నాకు తెలీని పని మీకు చెప్పినాను. దాన్ని 'తెలియనివి'లో రాసుండాల" అన్నారు.

బెల్లం అమ్మే ఆయన లేచాడు. "మల్లా దేశానికి కాపలా యెవురు సామీ?"

"కాసేవోళ్లు కాస్తాండారప్పా. మనం మన ఊరికి వచ్చినోనికి నీళ్లిచ్చి పేరు అడిగితే సాలు." అని జనం వైపు తిరిగి అడిగారు. "ఇంతకీ ఆయప్ప పేరేంది?"

సంత మొత్తంలో ఒక్కరికీ తెలియదు. నా ఇంట్లో గిన్నెలన్నీ ఆయన పూతతోనే మెరుస్తున్నాయి. నాకూ తెలియదు.

ఆయన అరుగు దిగాక, "గట్టిగా చదివింది నేను సార్" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

"రాసింది నేను గదమ్మా. నా తప్పులో పాలు అడగతావా నువ్వు?" అన్నారు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఆ ఊసు నా ముందు తేలేదు. ఆ మేలు నేను ఎలా మరిచిపోతాను?

అప్పటినుంచి ప్రతి ఉత్తరం అడుగున, సంతకానికి పైన, ఒకే వాక్యం ఉండేది: "కళాయి ఆయన వచ్చారా? పేరు కనుక్కున్నారా?" సరిహద్దు సంగతులు మారాయి, రేషను మారింది, ఈ వాక్యం మారలేదు. ఎడమ సగంలో నేను "రాలేదు" అని రాస్తూ వచ్చాను. కుప్పంలోనూ మదనపల్లెలోనూ అదే అడిగేవారట. కళాయి లేక మా గిన్నెల్లో పులుసు చిలుమెక్కింది. చిత్తూరునుంచి ఇంకొకర్ని పిలిపిద్దామని కొందరన్నారు. ఎందుకో ఎవరూ పిలిపించలేదు.

పోయిన వారం బడి వెనక వీధిలో "కళాయి, కళాయీ" అని కేక వినిపించింది. నేను సుద్దముక్క పారేసి పరుగెత్తాను. ముందు నీళ్లిచ్చాను, తర్వాత పేరు అడిగాను. ఖాదర్ అన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగాను.

"మీ మెంబర్ సాబ్ నా కోసం అడగతాండాడని కోలారు బస్టాండులో చెప్పినారమ్మా. మల్లా కట్టేసేదానికేమో అని భయపడి రాలేదు."

నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. ఆ నెల ఉత్తరంలో తెల్లగా ఉన్న ఎడమ సగంలో "వచ్చాడు. పేరు ఖాదర్" అని రాశాను. వెంటనే పోస్టు చేసి ఉంటే ఆస్పత్రిలోనైనా ఆయనకు చేరి ఉండేది. ముఖం చూడాలన్న నా ఆశ ఆయన చివరి ప్రశ్నకు జవాబు లేకుండా చేసింది. దీనికి మాత్రం పాలు పంచుకునేవారు ఎవరూ లేరు.

కబురు తెలిసిన రోజు ఖాదర్ బొగ్గుల పొయ్యి ఆర్పేసి బడికి వచ్చాడు. "నా గురించి సాబ్ ఏం రాసినాడమ్మా? సూపించు" అన్నాడు. నా దగ్గరున్న ప్రతులన్నీ వరసగా అరుగు మీద పరిచాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. చెయ్యి పట్టుకుని, వేలు ఆ వాక్యం మీద పెట్టించి చదివాను. ఒక ఉత్తరం అయ్యాక ఇంకొకటి. ఆయన తొందరపడలేదు. అన్నిటిమీదా వేలు పెట్టి, అన్నీ విన్నాడు.

ఆయన వెళ్లాక కాగితాలు ఎత్తబోతూ చూశాను. ప్రతి ఉత్తరం అడుగున, "కళాయి ఆయన వచ్చారా?" అన్న చోట, నల్లటి వేలిముద్ర ఒకటి ఉంది.